ఆదుకునే చేయి, అపహరించే చేయి

గుంటూరు, కర్నూలు, వరంగల్లు, హైదరాబాదుల నుంచి వెళ్లి బ్రిటన్‌లోనో జర్మనీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు, వేసవిలో తల్లిదండ్రులను పిలిపించుకుని ఐరోపా దేశాలు చూపించడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. ఆ ప్రయాణానికి కొందరు మోటార్‌హోమ్‌ను ఎంచుకుంటున్నారు. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, నీటితొట్టి, మరుగుదొడ్డి అన్నీ అమర్చిన పెద్ద వ్యాను అది. వారానికో, పది రోజులకో అద్దెకు తీసుకుని కుటుంబమంతా అందులోనే ప్రయాణించవచ్చు, అందులోనే నిద్రించవచ్చు.

ఈ బండి మన కుటుంబాలకు ఎందుకు నచ్చుతుందో ఊహించడం కష్టం కాదు. హలాల్ భోజనం ఎక్కడ దొరుకుతుందోనన్న బెంగ ఉండదు. అన్నం, పప్పు, ఖీమా ఇంట్లో వండుకున్నట్లే వండుకోవచ్చు. వుజూకు నీళ్లుంటాయి, స్త్రీలకు చాటు ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కాళ్లు చాపుకునే చోటు ఉంటుంది. పసిపిల్ల నిద్రపోతే లేపి హోటలు మెట్లు ఎక్కించవలసిన పని ఉండదు.

అయితే ఇల్లు వెంట తీసుకువెళ్లినవారు ఇంట్లోని సొత్తును కూడా వెంట తీసుకువెళ్లినట్లే. ఆరుగురి పాస్‌పోర్టులు, నగదు, ల్యాప్‌టాప్, కెమెరా, అమ్మీ చేతిగాజులు, అబ్బా ఇన్సులిన్, అన్నీ ఒకే పలుచని తలుపు వెనుక ఉంటాయి. ఆ సంగతి రహదారి దొంగలకూ తెలుసు. పరదేశపు నంబరు పలకే వారికి ఆనవాలు. దారి తెలియనివారు, భాష రానివారు, ఫిర్యాదు చేసినా కేసు వెంట తిరగడానికి అక్కడ ఉండనివారు ఈ బండిలో ఉన్నారని ఆ పలక చెబుతుంది.

ఈ దొంగల గురించి ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. వీరిలో కత్తి చూపి దోచుకునేవారు తక్కువ, మర్యాదగా మాట్లాడి దోచుకునేవారు ఎక్కువ. వారు తట్టే తలుపులు రెండు. ఒకటి మన భయం: “మీ బండికి ఏదో అయింది, ఆపండి.” రెండవది మన జాలి: “మేము ఆపదలో ఉన్నాము, ఆదుకోండి.” భయపడినవారూ జాలిపడినవారూ ఆ క్షణంలో ఆలోచించి నిర్ణయం తీసుకోలేరు. కాబట్టి ఆ నిర్ణయాలను బండి ఎక్కకముందే, ఇంట్లో అందరూ కూర్చుని తీసుకోవాలి. ఈ నెల మన శీర్షికలో చెప్పదలచినది ఇదే.

గ్రనడాకు పోయే దారి

ఒక నిజమైన దారినే ఉదాహరణగా తీసుకుందాం. బ్రిటన్‌లో ఉంటున్న ముస్లిం కుటుంబాలలో చాలామందికి అందలూసియా చూడాలన్న కోరిక ఉంటుంది. గ్రనడాలోని అల్‌హమ్రా కోట, కొర్దోబాలోని పురాతన మస్జిదు కట్టడం, 2003లో గ్రనడా అల్‌బైసీన్ కొండపై తెరిచిన కొత్త మస్జిదు వారిని పిలుస్తుంటాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు షెంగెన్ వీసా తీసుకుని, డోవర్ నుంచి ఓడలో కలే రేవుకు చేరి, ఫ్రాన్సును ఉత్తరం నుంచి దక్షిణానికి దాటుతారు. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ దారి తర్వాత పిరనీస్ కొండల దగ్గర స్పెయిన్‌లో అడుగుపెడతారు. సరిహద్దు ఊరు లా జొంకేరా. అక్కడి నుంచి ఏపీ-7 అనే రహదారి మధ్యధరా తీరం వెంట బార్సెలోనా, తర్రగోనా, వలెన్సియాల మీదుగా దక్షిణానికి సాగిపోతుంది. లా జొంకేరా నుంచి తర్రగోనా దాకా 2021 సెప్టెంబరు నుంచి టోలు రుసుము కూడా ఎత్తివేశారు.

విదేశీ కార్లను, మోటార్‌హోమ్‌లను ఆపించి దోచుకునే ముఠాలకు ఏపీ-7 చాలాకాలంగా పేరుపడింది. బ్రిటన్ విదేశాంగ శాఖ స్పెయిన్‌కు వెళ్లే తన పౌరులకిచ్చే సూచనలలో నకిలీ పోలీసుల గురించి, దారిలో సాయం చేస్తామని వచ్చే అపరిచితుల గురించి హెచ్చరిస్తూ వస్తోంది. ఈ మాటలు చదివి స్పెయిన్ దొంగల దేశమని ఎవరూ అనుకోవద్దు. ప్రతి వేసవిలో లక్షలాది కుటుంబాలు ఆ దారిలో క్షేమంగా వెళ్లి వస్తున్నాయి. అన్ని వేల పరదేశపు బండ్లు పోతున్నాయి కాబట్టే దొంగలు ఆ దారిని ఎంచుకున్నారు. అంత దూరం నడపడం ఇష్టంలేనివారికి పోర్ట్‌స్మత్, ప్లిమత్ రేవుల నుంచి నేరుగా ఉత్తర స్పెయిన్‌లోని శాంతందేర్‌కు ఓడలున్నాయి. ఖర్చు ఎక్కువైనా డ్రైవరు అలసట తగ్గుతుంది. అలసిన డ్రైవరు మోసాన్ని పసిగట్టలేడు.

“మీ టైరు చూసుకోండి”

అన్నిటికన్నా పాత పన్నాగం ఇది. వెనుక నుంచి వచ్చిన కారు మీ బండి పక్కకు చేరుతుంది. అందులోని వ్యక్తి ఆందోళనగా చేయి ఊపుతూ మీ వెనుక చక్రం వైపు చూపిస్తాడు. కొన్నిసార్లు బండికి చిన్న రాయి విసిరి చప్పుడు చేస్తారు. కొన్నిసార్లు మీరు సర్వీస్ ఏరియాలో టీ తాగుతుండగా టైరును నిజంగానే కోసి, కొంతదూరం వెంబడించి, ఆ తర్వాత “సాయానికి” వస్తారు. మీరు ఆపగానే ఒకడు కుటుంబాన్నంతా బండి వెనుకకు పిలిచి, వంగి టైరు చూపిస్తూ మాటల్లో పెడతాడు. అంతలో రెండవవాడు ముందు తలుపు తీసి చేతిసంచీ తీసుకుపోతాడు. మొత్తం వ్యవహారం ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది. చాలామందికి సంచీ పోయిందని తెలిసేది ఆ “మంచివారు” చేయి ఊపి వెళ్లిపోయిన తర్వాతే.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. బ్రిటన్ బండిలో స్టీరింగు కుడివైపు ఉంటుంది, స్పెయిన్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. దాటిపోయే కారు ఎడమవైపు నుంచి వస్తుంది. కనుక ఆ చేయి ఊపేది డ్రైవరుకు కనపడదు, ముందు సీట్లో ఎడమవైపు కూర్చున్నవారికి కనిపిస్తుంది. మన కుటుంబాలలో అక్కడ కూర్చునేది సాధారణంగా భార్యో, తండ్రో. వారు కంగారుపడి “ఆపు బేటా, టైరు పోయిందట” అని కేక వేస్తే, అన్నీ తెలిసిన డ్రైవరు కూడా బ్రేకు నొక్కుతాడు. అందుకే ఈ విషయం డ్రైవరుకు చెప్పినంత వివరంగా ఆ సీట్లో కూర్చునేవారికీ చెప్పాలి. ఎవరు చేయి ఊపినా కేక వేయకుండా, మెల్లగా “ఒక కారు సైగ చేస్తోంది” అని మాత్రమే చెప్పాలని ముందే అనుకోవాలి.

అప్పుడు డ్రైవరు చేయవలసినది సులభం. వేగం కొద్దిగా తగ్గించి అద్దాలలో చూసుకోవాలి. టైరు నిజంగా పోతే బండి ఒకవైపు లాగుతుంది, స్టీరింగు అదురుతుంది, దబదబమని చప్పుడు వస్తుంది. ఇవేవీ లేకపోతే చేయెత్తి కృతజ్ఞత తెలిపి ముందుకు సాగాలి. జనసంచారం, వెలుతురు, కెమెరాలు ఉన్న పెట్రోలు బంకు వచ్చేదాకా ఆగకూడదు. అక్కడ కూడా ఒక్కరే దిగి చూడాలి, మిగిలినవారు లోపల తాళం వేసుకుని కూర్చోవాలి. ఆ కారు మీ వెనుకనే అక్కడికీ వస్తే దిగకుండా 112కు ఫోను చేయాలి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలోనూ అత్యవసర సహాయానికి అదే నంబరు. దానికి రుసుము లేదు.

టైరు నిజంగానే పోయి రహదారి పక్కన ఆగవలసి వస్తే మాత్రం దొంగ కన్నా వేగంగా పోయే లారీలే పెద్ద ప్రమాదం. వెనుక లైట్లు మిణుకుమనేలా వేసి, మెరిసే జాకెట్లు తొడుక్కుని, రోడ్డుకు దూరంగా ఉన్న వైపు నుంచి అందరూ దిగి, ఇనుప కంచె అవతల నిలబడాలి. దిగేటప్పుడు పాస్‌పోర్టుల సంచీ ఒంటి మీద ఉండాలి, బండికి తాళం పడాలి. బ్రిటన్‌లో తయారైన మోటార్‌హోమ్‌లలో చాలావాటికి వెనుక గది తలుపు ఎడమవైపు ఉంటుంది. స్పెయిన్‌లో, ఫ్రాన్సులో అది సరిగ్గా లారీలు దూసుకుపోయే వైపుకు తెరుచుకుంటుంది. పిల్లలు ఆ తలుపు గుండా దూకకుండా, కుడివైపు ముందు తలుపు నుంచే దిగాలని బయలుదేరేముందు ఒకసారి సాధన చేయించండి.

పోలీసులమని చెప్పేవారు

రెండవ పన్నాగం అధికారం పేరుతో వస్తుంది. మామూలు దుస్తుల్లో, గుర్తులు లేని కారులో వచ్చి, ఒక బిళ్ల చూపి, “పోలీసు, పాస్‌పోర్టు, డబ్బు చూపించండి” అంటారు. దొంగనోట్ల కోసం తనిఖీ చేస్తున్నామని చెప్పి, పర్సు అందుకుని, లెక్కపెట్టినట్లు నటించి కొంత కాజేస్తారు. వలస వచ్చిన కుటుంబాలకు పోలీసు అనే మాట వినగానే వీసాకు ఏమవుతుందోనన్న భయం కలుగుతుంది. మన పేర్లు, మన గడ్డాలు, మన హిజాబులు చూసి ఇప్పటికే ఎన్నోచోట్ల ప్రశ్నలు ఎదుర్కొన్నవారికి ఆ భయం మరింత ఎక్కువ. దొంగ ఆ భయాన్నే వాడుకుంటాడు.

అసలు పోలీసులను గుర్తించడానికి కొన్ని ఆధారాలున్నాయి. స్పెయిన్ రహదారుల మీద రాకపోకలను చాలాచోట్ల చూసేది గార్దియా సివిల్ దళం, కతలోనియా ప్రాంతంలో మొస్సోస్ ద ఎస్క్వాద్ర. వీరు సాధారణంగా యూనిఫారంలో ఉంటారు. గుర్తులు లేని పోలీసు కార్లు కూడా ఉంటాయి గాని, ఆపించేటప్పుడు వాటి వెనుక అద్దంలో దళం పేరు వెలుగుతూ కనిపిస్తుంది. అసలు అధికారి లైసెన్సు, బండి పత్రాలు, పాస్‌పోర్టు అడగవచ్చు. మీ పర్సు చేతికిమ్మని అడగవలసిన పని ఆయనకు లేదు. స్పెయిన్‌లో నివాసం లేనివారి నుంచి జరిమానా అక్కడికక్కడే వసూలు చేసే పద్ధతి ఉన్నమాట నిజమే, అయితే దానికి ముద్రించిన పత్రం, రసీదు ఉంటాయి.

అనుమానం కలిగితే వాదించవద్దు, పారిపోవద్దు. తలుపులు తాళంలోనే ఉంచి, అద్దం రెండు వేళ్ల మందం దించి, గుర్తింపు కార్డు చూపమని వినయంగా కోరాలి. “112కు ఫోను చేసి నిర్ధారించుకుంటాను” అని చెప్పి, వారి ఎదుటే చేయాలి. అసలు అధికారి వేచి ఉంటాడు, నకిలీవాడు సాధారణంగా అప్పటికే కారు ఎక్కుతాడు. స్పెయిన్ హోంశాఖ వారి అలెర్ట్‌కాప్స్ అనే ఉచిత యాప్‌ను ఫోనులో ముందే పెట్టుకుంటే, మీరున్న చోటుతో సహా పోలీసులకు కబురు పంపవచ్చు.

ఉంగరం అమ్మేవాడు

మూడవ పన్నాగం అన్నిటికన్నా బాధ కలిగించేది, ఎందుకంటే అది మనలోని మంచిని ఎరగా వాడుకుంటుంది. రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన కారు, పక్కన ఒక మనిషి, కొన్నిసార్లు భార్యాపిల్లలు కూడా ఉంటారు. పెట్రోలు అయిపోయిందనో, పర్సు పోయిందనో అంటాడు. మీ ముఖాలు చూసి “అస్సలాము అలైకుమ్” అని కూడా పలకరించవచ్చు. ఊరికే డబ్బు వద్దు, ఈ బంగారు ఉంగరం తీసుకుని ఎంతో కొంత ఇవ్వమంటాడు. ఉంగరం ఇత్తడి. ఐరోపాలో అనేక దేశాల రహదారుల మీద నడుస్తున్న మోసమిది. దీనిలో నష్టం ఆ కొద్ది యూరోలతో ఆగకపోవచ్చు. మీరు ఆగి పర్సు తెరిస్తే అందులో ఎంత ఉందో, సంచీ ఎక్కడ ఉందో వారికి తెలిసిపోతుంది.

ముసాఫిర్‌ను ఆదుకోవడం మన ఇళ్లలో పిల్లలకు ఉగ్గుపాలతో నేర్పే విషయం. దారిలో ఒక కుటుంబం చేయి ఊపుతుంటే చూసీ చూడనట్లు సాగిపోవడం ఆ పిల్లల కళ్లముందు సులభం కాదు. “అబ్బా, ఎందుకు ఆగలేదు?” అని వెనుక సీటు నుంచి ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు మంచి జవాబు ఉంది. ఆగకుండానే ఆదుకోవచ్చు. రహదారి పక్కన ఉండే కిలోమీటరు రాయి సంఖ్య చూసి, పక్క సీట్లోనివారు 112కు ఫోను చేసి, “ఏపీ-7 మీద ఫలానా కిలోమీటరు దగ్గర ఒక కుటుంబం ఆగిపోయింది” అని చెబితే చాలు. నిజంగా ఆపదలో ఉన్నవారికి మన పది యూరోల కన్నా అది ఎక్కువ మేలు చేస్తుంది. దొంగ అయితే అతని దగ్గరకు పోలీసులు వెళ్తారు. ఫోను చేసే పని పెద్దపిల్లకు అప్పగిస్తే, జాలిని చంపుకోకుండా జాగ్రత్తగా ఉండడం ఎలాగో ఆమె కళ్లారా నేర్చుకుంటుంది.

రాత్రి ఎక్కడ ఆగాలి?

రహదారి పక్కన లారీలు నిలిపే సర్వీస్ ఏరియాలలో రాత్రి నిద్రపోవద్దన్నది అనుభవజ్ఞులైన మోటార్‌హోమ్ యాత్రికులు మొదట చెప్పే మాట. దొంగలు రహదారి నుంచి దిగి, పని ముగించుకుని, అయిదు నిమిషాల్లో మళ్లీ రహదారి ఎక్కి మాయమయ్యే చోటు అది. ఫ్రాన్సులో చిన్న ఊళ్ల పురపాలక సంఘాలు మోటార్‌హోమ్‌ల కోసం ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేశాయి. జర్మనీలో వాటిని ష్టెల్‌ప్లాట్స్ అంటారు. కాపలా, గేటు ఉన్న క్యాంపింగ్ స్థలాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. రోజూ సాయంత్రం చీకటి పడకముందే అక్కడికి చేరేలా ప్రయాణాన్ని విభజించుకోవాలి. స్పెయిన్‌లో మామూలు పార్కింగు స్థలంలో ఆగినప్పుడు పందిరి గుడ్డ దించడం, కుర్చీలు వేయడం క్యాంపింగ్ కిందికి వచ్చి జరిమానాకు దారితీయవచ్చు. అంతేగాక, ఆపదలో వాటిని మడిచేదాకా బండి కదలదు.

బండిని ముందుభాగం బయటికి ఉండేలా నిలపండి. డ్రైవరు సీటు మీద సామాను పెట్టకండి. తాళంచెవి రోజూ ఒకే చోట ఉండాలి. అర్ధరాత్రి ఎవరైనా తలుపు తట్టినా, బయట అలికిడి వినిపించినా తలుపు తెరవకుండా లోపలి నుంచే లైట్లు వేసి, హారను మోగించి, అవసరమైతే బండి నడుపుకుంటూ వెళ్లిపోగలగాలి.

ఒక వదంతి గురించి కూడా చెప్పాలి. రాత్రిపూట కిటికీ సందులోంచి మత్తువాయువు వదిలి, కుటుంబమంతా స్పృహ తప్పాక దోచుకుంటారన్న కథలు యాత్రికులలో చాలాకాలంగా తిరుగుతున్నాయి. బ్రిటన్‌లోని మత్తువైద్య నిపుణుల రాయల్ కళాశాల ఈ విషయంపై తన అభిప్రాయం ప్రకటించింది. ఈథరు, క్లోరోఫారం వంటివాటిని కిటికీ గుండా ఊది, లోపల నిద్రపోతున్నవారికి తెలియకుండా వారిని స్పృహ తప్పించడం సాధ్యం కాదని పేర్కొంది. ఈథరు ఘాటు వాసనకే మనిషి లేచి కూర్చుంటాడు. ఒక గదిని నింపడానికి కావలసిన మోతాదు చాలా పెద్దది. దినమంతా బండి నడిపినవారు గాఢంగా నిద్రపోతారు, నేర్పరి దొంగ చప్పుడు చేయడు, తెల్లవారి తలనొప్పి వస్తే గాలాడని గది దానికి చాలు. కనుక లేని వాయువుకు భయపడకండి. ఉన్న వాయువు ఒకటుంది, దానికి భయపడండి. చలికి పొయ్యి వెలిగించి కిటికీలన్నీ మూసుకుంటే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది. దానిని పసిగట్టే అలారం బండిలో ఉందా, పనిచేస్తోందా అని అద్దెకు తీసుకునే రోజే చూసుకోండి. దొంగల భయంతో గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కడం అన్నిటికన్నా ప్రమాదం.

పగటి మజిలీ, నమాజు వేళ

జుహర్ వేళకు సర్వీస్ ఏరియాలో బండి ఆపి, పచ్చికపై జానమాజు పరిచి కుటుంబమంతా ఒకేసారి నిలబడడం కనుల పండుగైన దృశ్యమే. అయితే అందరి వీపులూ బండి వైపు, బండి తలుపు బార్లా ఉంటే దొంగకు అంతకన్నా కావలసింది లేదు. రెండు జట్లుగా చదువుకోండి, లేదా తాళం వేసి, చెయ్యితో లాగి చూసి, బండి కనిపించే వైపున నిలబడండి. చెయ్యితో లాగి చూడమనడానికి కారణముంది. కొందరు దొంగలు రిమోట్ తాళపు సంకేతాన్ని అడ్డుకునే చిన్న పరికరం వాడతారు. మీరు మీట నొక్కుతారు, తాళం మాత్రం పడదు. తవక్కుల్ చేయడమంటే తాళం వేయకపోవడం కాదని మన పెద్దలకు చెప్పనవసరం లేదు.

నగలు ఇంట్లోనే ఉంచి రావడం అన్నిటికన్నా మంచి తాళం. పాస్‌పోర్టులు బండిలో దాచవద్దు, చొక్కా లోపల కట్టుకునే సంచీలో ఉంచుకోండి. అల్‌హమ్రా ప్రవేశపు టికెట్లు పేరు మీదే ఇస్తారు, ద్వారం దగ్గర పాస్‌పోర్టు చూపవలసి ఉంటుంది, కనుక అది ఎలాగూ వెంట ఉండాలి. బ్యాంకు కార్డులు రెండుంటే ఒకటి భర్త వద్ద, ఒకటి భార్య వద్ద ఉండాలి. ఇన్సులిన్, రక్తపోటు మాత్రలు కూడా రెండు భాగాలుగా రెండుచోట్ల పెట్టండి. డబ్బు పోతే మరునాడు బంధువులు పంపగలరు, పరాయి ఊళ్లో ఆదివారం నాడు పెద్దవారి మందు పోతే అది ప్రాణం మీదికి వస్తుంది. ఊరు చూడడానికి వెళ్లేటప్పుడు నడవలేని పెద్దలను ఒంటరిగా బండిలో కాపలా ఉంచవద్దు. వారికి తోడుగా మరొకరు ఉండాలి, లేదా కాపలా ఉన్న పార్కింగుకు డబ్బు చెల్లించాలి. బండి అద్దె బీమా చాలాసార్లు బండికే వర్తిస్తుంది, లోపలి సొత్తుకు కాదు. సంతకం చేసేముందు ఆ వాక్యం చదవండి.

జరగరానిది జరిగితే

వెంబడించవద్దు. రహదారి మీద పరుగెత్తినవారు సంచీ కన్నా విలువైనది పోగొట్టుకోవచ్చు. అందరూ క్షేమమేనా అని లెక్క చూసుకుని, 112కు ఫోను చేసి, బ్యాంకు కార్డులు ఆపించండి. తర్వాత దగ్గరి పోలీసు స్టేషనులో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి దాని ప్రతి తీసుకోండి. స్పెయిన్‌లో దానిని దెనున్సియా అంటారు. ఆ కాగితం లేనిదే బీమా అడగడం, కొత్త పాస్‌పోర్టు కోరడం కష్టం. పాస్‌పోర్టు పోతే ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాలి. స్పెయిన్‌లో అది మాడ్రిడ్‌లో ఉంది. అత్యవసర ధ్రువపత్రం ఇస్తే అది భారతదేశానికి తిరిగి రావడానికి మాత్రమే పనికివస్తుంది, బ్రిటన్‌కు తిరిగి వెళ్లడానికి కాదు. ఈ తేడా తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. అందుకే పాస్‌పోర్టు, వీసా, నివాస అనుమతి, బీమా పత్రాల నకళ్లు ఒక జత కాగితాలుగా వేరే సంచీలోను, మరొక జత ఊళ్లో ఉన్న నమ్మకమైన బంధువు దగ్గర ఫోనులోను ఉంచండి.

అనుమానం ఎవరి మీద?

ఇన్ని జాగ్రత్తలు చదివాక ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది. యాత్ర ముగిసేసరికి మన పిల్లలు ప్రతి అపరిచితుణ్ణీ దొంగగా చూడడం నేర్చుకోవచ్చు. దారి దొంగతనాల కథలు చెప్పుకునేటప్పుడు ఐరోపాలో చాలామంది నోట ఫలానా జాతివారు, ఫలానా దేశపు వలసవారు అన్న మాటలు వస్తాయి. ఆ మాటలను మన నోటితో తిరిగి చెప్పకూడదు. ఒకడి నేరానికి అతని జాతినంతా బోనులో నిలబెట్టడం ఎంత అన్యాయమో మనకు ఎవరూ వివరించనవసరం లేదు.

అనుమానించవలసింది మనిషి రంగునో, భాషనో, దుస్తులనో కాదు. పరుగెత్తించే తొందరను అనుమానించాలి, అందరినీ ఒకేసారి బండి దింపే మాటను అనుమానించాలి, పర్సు తెరవమనే చేతిని అనుమానించాలి. ఈ మూడూ ఏ ముఖంతో వచ్చినా ఆగకూడదు, ఈ మూడూ లేనిచోట ఏ ముఖాన్నీ నిందించకూడదు. క్యాంపింగ్ స్థలంలో పక్క బండివారికి సలాం చెప్పండి, వారి భాషలో పలకరింపు నేర్చుకోండి, వండిన బిర్యానీలో ఒక గిన్నె పంపండి. రాత్రి మీ బండి దగ్గర అలికిడి అయితే ముందుగా లైటు వేసేది ఆ పొరుగువారే.

బయలుదేరే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర కుటుంబమంతా కూర్చుని పనులు పంచుకోండి. ఎడమ సీటు ఎవరిది, 112కు ఫోను చేసేది ఎవరు, పాస్‌పోర్టుల సంచీ ఎవరి ఒంటి మీద, ఆగిన ప్రతిచోటా టైర్ల చుట్టూ తిరిగి చూసేది ఎవరు, తాళం లాగి చూసే చిన్నవాడు ఎవరు అన్నవి ఒక కాగితం మీద రాసి బండిలో అంటించండి. ఆ కాగితం రాయడానికి పావుగంట చాలు. అల్లాహ్ మీ ప్రయాణాన్ని సులభతరం చేయుగాక, మిమ్మల్ని క్షేమంగా ఇంటికి చేర్చుగాక.